విడిచిన చోట లేని బూట్లు

"ఒట్టు మేడం! డ్రమ్ము మూత కూడా తియ్యలేదు. పనే మొదలుపెట్టందే పొగ ఎక్కణ్ణుంచి వస్తుంది?"

పొగమందు కాంట్రాక్టరు అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. తుడుచుకున్న మరుక్షణమే మళ్ళీ చెమట. పాత నాటకశాల వెనక మేకప్ గది అది. నాలుగు గోడలకీ అద్దాలే. పాపం, ఎటు తల తిప్పినా తన బెదురు మొహమే కనిపిస్తోంది.

కావాలనే అక్కడ కూర్చోబెట్టింది సూదమ్మ. ఆవిడ అసలు పేరు భర్తకైనా గుర్తుందో లేదో. పదిమందీ వదిలేసిన చోట గుచ్చి గుచ్చి అడుగుతుందని పోలీసులు పెట్టిన పేరిది. తిట్టుగా పెట్టారు, ఆవిడ బిరుదుగా తీసుకుంది. యాభై దాటిన వయసు, కాస్త భారీ మనిషి, ప్రైవేటు డిటెక్టివు. ఈ కేసు ఆవిడ చేతికొచ్చింది నిన్ననే.

కేసంటారా, పోలీసుల లెక్కలో ఎప్పుడో తేలిపోయింది. పాత భవనాల పైకప్పులు బతికించడమే బతుకుగా పెట్టుకున్న పెద్దింజనీరు, సోమవారం మధ్యాహ్నం ఈ నాటకశాల సీలింగ్ పగిలి, అటకమీంచి హాల్లో బండల మీద పడి ప్రాణాలొదిలాడు. పైన పగిలిన చోటు పక్కనే వడ్రంగి మేస్త్రీ కొయ్యసుత్తి దొరికింది. పొద్దున్నే వాళ్ళిద్దరూ పదిమంది ముందు అరుచుకున్నారు. ఇంకేం కావాలి? మేస్త్రీని లోపలేశారు. రెండు రోజుల లాకప్పులో మనిషి ఠారెత్తిపోయాడు. ఇవాళ సాయంత్రం జడ్జి ముందు నిలబెడితే, తోశానని ఒప్పేసుకునేట్టున్నాడు. "మా అన్న చీమని చూసి పక్కకి తప్పుకునే రకం తల్లీ" అంటూ చెల్లెలు సూదమ్మ కాళ్ళ మీద పడింది. ఇప్పుడు కూడా బయట మెట్ల మీద, అన్నకి పట్టుకెళ్ళాల్సిన అన్నం క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది.

"సరే, మొదలుపెట్టలేదు. పెడితే ఎలా పెడతారో చెప్పండి," అంది సూదమ్మ.

తెలిసిన సంగతి అడిగేసరికి కాంట్రాక్టరుకి ప్రాణం లేచొచ్చింది. "చెక్కపురుగు పట్టిన దూలాలకి మందు పొగ పట్టిస్తాం మేడం. అటక చుట్టూ కన్నాలన్నీ ప్లాస్టిక్ పట్టాలతో మూసేసి, పెరట్లో యంత్రం పెట్టి గొట్టంలోంచి పొగ పైకి తోస్తాం. గంటలో పురుగన్నది బతకదు."

"మనిషో?"

"అమ్మో! అందుకే చూసుకునే పెడతాం. అటక మెట్ల కింద జోళ్ళు చూస్తాం. పాత చెక్క మీద చెప్పుల కాళ్ళతో అడుగెయ్యనివ్వరు పెద్దింజనీరు గారు. ఎంతటివాడైనా మెట్ల కింద విడిచి ఎక్కాల్సిందే. జోళ్ళుంటే పైన మనిషి ఉన్నట్టు. లేకపోతే లేనట్టు. ఇక్కడ పనిచేసే అందరికీ అదే లెక్క."

తలుపు దభాలున తెరుచుకుంది.

"ఏం వదినా, అయిందా కచేరీ?"

ఇన్‌స్పెక్టరు. వరసకి సాక్షాత్తూ సూదమ్మ మరిది, భర్తకి సొంత తమ్ముడు. ఇంట్లో ఆవిడ వడ్డిస్తే మారు మాట్లాడకుండా తింటాడు. బయట ఆవిడ కనిపిస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది.

"కాలేదు నాయనా. నువ్వొచ్చావుగా, ఇంకా ఆలస్యమవుతుంది."

"పోలీసు కట్టేసిన మూట విప్పి చూడ్డం మీకు సరదా. ఎంత విప్పినా అందులో మేస్త్రీయే ఉంటాడు." చేతిలోని ప్లాస్టిక్ సంచి ఊపాడు. సీలు వేసిన సంచి, లోపల కొయ్యసుత్తి. "పైన ఇది ఎక్కడ దొరికిందో మీ కళ్ళకి చూపిస్తా. చూసి, ఇంటికెళ్ళి అన్నయ్యకి కాస్త కాఫీ కాచివ్వండి."

"మీ అన్నయ్యే నాకు కాచిస్తాడు. నీకు తెలీదేమో."

కాంట్రాక్టరు గొంతు సవరించుకున్నాడు. "సార్, మరి మిగతా పొగ ఎప్పుడు పెట్టుకోమంటారు? యంత్రం అద్దె పెరిగిపోతోంది..."

"మేం ఒకసారి పైకెళ్ళి చూసి దిగుతాం. దిగగానే పెట్టుకో. ఆ అటకతో నాకు పనైపోతుంది."

"మిగతానా?" అంది సూదమ్మ మెల్లిగా. "మొదలే పెట్టలేదన్నారు. మిగతా ఎక్కడిదండీ?"

కాంట్రాక్టరు నీళ్ళు నమిలాడు. "అదే మేడం... మొత్తం పొగ. తొందర్లో అలా అనేశా." అద్దాల్లో అతని మొహాలన్నీ ఒక్కసారే పాలిపోయాయి.

"చూశావా?" అంది సూదమ్మ మరిదితో.

"చూశా. మిమ్మల్ని చూసి భయపడ్డాడు. నేనూ చిన్నప్పుడు భయపడేవాణ్ణి," అని నడిచేశాడు ఇన్‌స్పెక్టరు.

హాల్లో చిన్నింజనీరు ఎదురొచ్చాడు. పోయినాయన అల్లుడే. మామ దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు మామ స్థానంలో పని చూస్తున్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. మామకీ మేస్త్రీకీ గొడవైందని పోలీసులకి చెప్పింది అతనే. మర్యాదస్తుడు, గొంతు ఎత్తడు. చేతులు జోడించాడు. గోళ్ళ సందుల్లో ఎర్ర రంగు.

"పుచ్చిన దూలాలకి గుర్తు పెడుతున్నా మేడం. కడుక్కోడానికి కూడా తీరిక లేదు," అన్నాడు నొచ్చుకుంటూ.

సూదమ్మ తలెత్తి చూసింది. సీలింగ్ నిండా పిట్టలు. నీలం మీద తెల్ల కొంగలు, పచ్చ చిలకలు, పేరు తెలీని ఎర్ర తోకలవి. ఎప్పటివో రంగులు, ఇంకా వెలిసిపోలేదు. ఒక్క మూల మాత్రం బొమ్మా గిమ్మా లేకుండా వట్టి తెల్లగా ఉంది.

"అదేమిటి బాబూ?"

"ఎప్పుడో వాన కారి ఆ మూల ఊడిపోతే మామూలు ప్లాస్టరు కొట్టేశారు మేడం. మామయ్య పడింది అక్కడే. కన్నం మీద పైనుంచి మందపాటి చెక్క బిగించాం. పెళ్ళలు రాలి ఎవరి నెత్తినైనా పడతాయని. సార్ అనుమతిచ్చారు."

తెల్ల మూల కింద వట్టి బండలు. బొమ్మలున్న వైపు కింద మాత్రం, రంగులు శుభ్రం చేసేవాళ్ళ కోసం కట్టిన పరంజా ఉంది. దాని పైపలకలకీ పిట్టలకీ మధ్య ఒక మనిషి నిలబడేంత ఎత్తు. అంతే.

ఇంత పెద్ద సీలింగ్ ఉండగా కాలు జారినవాడు ఆ మూలే జారాడా, అనుకుంది సూదమ్మ. ఒక్క పిట్టకి ఒక్క ఈక కూడా చెదరలేదు.

అటక మెట్ల కింద చిన్నింజనీరు ఆగాడు. "జోళ్ళు ఇక్కడ విడిచేయండి. మామయ్య నియమం. ఆయన పోయినా మేం తప్పట్లేదు." ఒక అడుగు వెనక్కి వేశాడు. "నేను రాలేను. పైకెళితే ఆయనే కనిపిస్తున్నారు."

సూదమ్మ చెప్పులు విడిచింది. ఇన్‌స్పెక్టరు గొణుక్కుంటూ బూట్లు విప్పి పక్కన పెట్టాడు.

మెట్లెక్కగానే రేకు తాపడం చేసిన తలుపు. అది దాటితే అటక. లోపల నిలబడాలంటే నడుం వంచాల్సిందే. మొహం మీద వేడి ఆవిరి కొట్టింది. నెత్తి మీద వాసాలు, వాటిని ఆనుకుని సందులేకుండా పలకలు, పలకల మీద సీసం రేకు, ఆ పైన పెంకులు. గోడల్లో గాలి వచ్చే కన్నాలన్నీ ప్లాస్టిక్ పట్టాలతో మూసేశారు. కాళ్ళ కింద దూలాలు. దూలానికీ దూలానికీ మధ్య, సీలింగ్ వెనక వైపు, నల్లబడ్డ సన్నటి చెక్కపేళ్ళు.

"దూలం మీదే నడవండి వదినా. సందులో కాలేశారో, అన్నయ్యకి ఇక కాఫీ కాచుకునే పని ఉండదు."

"నీ దయ."

ఒక చేత్తో టార్చి పట్టుకుని పాకినట్టే నడిచింది సూదమ్మ. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఊపిరి సగమే అందుతోంది. ఇలాంటి చోట రోజంతా ఎలా పనిచేశాడో ఆ మహానుభావుడు!

"సుత్తి ఇదిగో, ఇక్కడ దొరికింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు, మూల బిగించిన చెక్క పక్కన గొంతుక్కూర్చుని. "మేస్త్రీ దీంతో కొట్టి తోశాడు. సులువైన కేసు."

"ఇంజనీరు బూట్లు ఎక్కడ దొరికాయి?"

"బూట్లా? పెరటి అవతల ఆయన గదిలో, టేబుల్ కింద. నీట్‌గా ఉన్నాయి. అయితే?"

"మెట్ల కింద ఉండాలిగా మరి. ఆ నియమం పెట్టిందే ఆయన."

"గదిలోనే విప్పేసి వట్టి కాళ్ళతో వచ్చుంటాడు."

"పెరడంతా పగిలిన పెంకులు నాయనా. వస్తూ వస్తూ నేను చెప్పులతోనే రెండుసార్లు అబ్బా అన్నాను. శవం అరికాళ్ళకి ఒక్క గీతైనా ఉందా?"

ఇన్‌స్పెక్టరు మొండివాడే గానీ అబద్ధం చెప్పే రకం కాదు. "లేదు," అన్నాడు.

సూదమ్మ టార్చి దూలాల మీదికి తిప్పింది. చాలా వాటికి ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు. పుచ్చిపోయింది, కోసి తీసేయమని. ఆ ఎర్ర గుర్తుల మీదే తెల్ల సుద్దముక్కతో గుండ్రాలు చుట్టి ఉన్నాయి. చెయ్యి పిడికిలి చేసి ఒక దూలాన్ని కొట్టింది. ఖంగుమంది. పక్కదాన్ని కొట్టింది. అదీ ఖంగే.

"పుచ్చు కర్ర ఇలా పలుకుతుందా? డొల్లగా, తుస్సుమనాలి. ఈ గుండ్రాలు ఎవరివి?"

"పెద్దాయనవే. ఆయన జేబులో సుద్దముక్క దొరికింది."

"అదీ సంగతి! మేస్త్రీ ఆ పొద్దున్న అరిచింది దీనికే అయ్యుంటుంది. నిక్షేపంలాంటి టేకు దూలాల్ని పుచ్చని చెప్పి కోయించి అమ్ముకుంటున్నారు, నువ్వు చూస్తూ ఊరుకుంటున్నావని. ఈయనకి కోపమొచ్చింది, గొడవైంది. కానీ నిజాయితీ గల మనిషి కదా, మధ్యాహ్నం మేస్త్రీ సుత్తే అడిగి తీసుకుని, తనే పైకొచ్చి ఒక్కొక్కటీ కొట్టి చూసుకున్నాడు. మరి ఈ ఎర్ర గుర్తులు ఎవరు పెట్టారు మరిదీ?"

ఇన్‌స్పెక్టరు నోరు తెరిచాడు. గోళ్ళ సందులో ఎర్ర రంగు అతనూ చూశాడు. "హవ్వ! సొంత అల్లుడు వదినా!" అన్నాడు. "బొమ్మ మీద గీత పడితేనే విలవిల్లాడే మనిషికి అల్లుడు."

"ఇంకోటి విను. ఏమన్నా వినిపిస్తోందా?"

"ఏమీ లేదే."

"అదే నేననేదీ. ఇంత పాత అటక. పావురం కూయట్లేదు, ఎలక కదలట్లేదు." టార్చి కిందికి తిప్పింది. దూలం అంచున వెల్లకిలా పడున్న బల్లి. ఇంకొంచెం అవతల మరొకటి. వాటి చుట్టూ చచ్చిన చెక్కపురుగులు, నల్ల ఆవాల్లా. "ఆ కాంట్రాక్టరు సోమవారం పొగ పెట్టాడు నాయనా. సగం పెట్టాడు. మెట్ల కింద జోళ్ళు లేవు కాబట్టి పైన ఎవరూ లేరనుకున్నాడు. మనిషి పడేసరికి యంత్రం ఆపి, నోరు కుట్టేసుకున్నాడు."

"అంటే... బూట్లు తీసి టేబుల్ కింద పెట్టినవాడు..."

"కత్తి పట్టలేదు, తొయ్యలేదు. ఒక జత బూట్లు తీశాడు, తలుపు గడియ పెట్టాడు. అంతే."

సరిగ్గా అప్పుడే గడియ పడింది.

చిన్న చప్పుడే. ఇన్‌స్పెక్టరు దూలాల మీద పడుతూ లేస్తూ తలుపు దగ్గరికి పాకాడు. భుజంతో గుద్దాడు. రేకు తలుపు కదల్లేదు. "ఎవర్రా అక్కడ! పోలీస్! తియ్యి!" అరుపు పట్టాల మధ్యే తిరిగి తిరిగి చచ్చిపోయింది.

"ఫోను?"

"సీసం రేకు వదినా, సిగ్నల్ ఒక్క గీత కూడా రావట్లేదు."

"తుపాకీ?"

"పాకాలన్నారుగా. జీపులో పెట్టొచ్చా." ఆ మాట చెబుతుంటే అతని మొహం మాడిపోయింది.

సూదమ్మ తాళం కన్నానికి కన్ను ఆనించింది. మెట్ల కింద కాస్త నేల కనిపిస్తోంది. ఆవిడ చెప్పులు, పక్కన పోలీసు బూట్లు. రెండు చేతులు కిందికి వంగాయి. తొందర లేదు, తడబాటు లేదు. చెప్పులు ఒక చేత్తో, బూట్లు ఒక చేత్తో తీశాయి. గోళ్ళ సందుల్లో ఎర్ర రంగు. నేల ఖాళీ అయింది.

కాసేపటికి ఇంకో జత కాళ్ళు వచ్చి నిలబడ్డాయి. కాంట్రాక్టరు గొంతు. "సార్ వాళ్ళు దిగిపోయారా?"

"ఎప్పుడో వెళ్ళారు. జోళ్ళు లేవుగా, చూడండి. మొదలుపెట్టుకోమన్నారు," అంది మర్యాదస్తుడి గొంతు.

ఇద్దరూ కలిసి తలుపు బాదారు. గొంతు చించుకున్నారు. కానీ కాంట్రాక్టరు అప్పటికే పెరట్లోని తన కూలీకి కేకేశాడు, అదే క్షణంలో అక్కడ యంత్రం ధనధనమంటూ మొదలైంది. ఆ రొదలో వీళ్ళ కేకలు ఎవరికి వినిపిస్తాయి?

"దిగగానే పెట్టుకోమన్నది నేనే వదినా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఏడుపొక్కటే తక్కువ. "నేనే!"

"తర్వాత తిట్టుకుందువుగానీ. ముందు మొహానికి గుడ్డ కట్టు."

గొట్టం మూతిలోంచి పల్చటి తెల్లటి పొగ పాకుతూ వచ్చింది. ముక్కులో మిరపకాయ దూరినట్టయింది. కళ్ళు మండాయి. ఇన్‌స్పెక్టరు మూలకి పాకి, కన్నం మీద బిగించిన చెక్కని గోళ్ళతో పెకలించబోయాడు. మరలన్నీ దిగ్గొట్టి ఉన్నాయి. వేళ్ళు చిట్లాయి గానీ చెక్క చలించలేదు. ఆ చెక్క ఎందుకు బిగించాడో ఇప్పుడు అర్థమైంది ఇద్దరికీ.

సూదమ్మ పైటకొంగు ముక్కుకి అదిమిపెట్టి, దూలాన్ని కావలించుకుని ఉండిపోయింది. భయమేసింది. నిజంగా భయమేసింది. ఇంటి దగ్గర మనిషి గుర్తొచ్చాడు. క్యారేజీ ఒళ్ళో పెట్టుకున్న పిల్ల గుర్తొచ్చింది. తామిద్దరూ ఇక్కడ చస్తే, సాయంత్రం ఆ మేస్త్రీ చేయని హత్య నెత్తిన వేసుకుంటాడు. బల్లులూ పురుగులూ చెప్పే సాక్ష్యం ఇంకెవడు వింటాడు?

ఆయనా ఇలాగే ఉండుంటాడు, అనుకుంది. ఇదే దూలం మీద, ఇదే పొగలో. చేతిలో సుత్తి. పైన సీసం. ముందు గడియ. మిగిలింది కాళ్ళ కింద సీలింగే.

"మరిదీ!" దగ్గుతూ అరిచింది. "ఆయన పడలేదు. ఎవరూ తొయ్యలేదు. తనే పగలగొట్టుకుని దిగబోయాడు!"

"మరి ఆ మూలకెందుకు పోయాడు? అక్కడ కింద బండలు!"

"బొమ్మ ఉన్న చోట పగలగొడితే కింద పరంజా. దూకితే బతికేవాడు. ఆ పరంజా కట్టించిందీ ఆయనే, ఎక్కడుందో ఆయనకి తెలీదా? కానీ పిట్టల్ని పగలగొట్టడానికి చెయ్యి రాలేదు. జీవితమంతా వాటిని కాపాడి కాపాడి, ఊపిరాడని ఆ క్షణంలో కూడా, పనికిమాలిన ప్లాస్టరు మూల వెతుక్కున్నాడు పిచ్చి మారాజు!"

ఆవిడ కళ్ళలో నీళ్ళు పొగవల్లో కాదో ఆవిడకే తెలీలేదు. చెయ్యి చాపింది. "సుత్తి ఇలా ఇయ్యి."

ఇన్‌స్పెక్టరు సంచి గుండెకి హత్తుకున్నాడు. "సీలు వేసింది వదినా. కోర్టు సాక్ష్యం!"

"సాక్ష్యం మనం నాయనా! సీలు పీకుతావా, పళ్ళతో కొరకమంటావా?"

అతను పళ్ళతోనే కొరికాడు.

దూలాలు లెక్కచూసుకుంటూ పరంజా పైభాగం ఎక్కడికొస్తుందో అంచనా వేసుకుని పాకింది సూదమ్మ. టార్చి వెలుగులో నల్లటి చెక్కపేళ్ళు. వాటి అవతల ఏ పిట్ట ఉందో. కొంగో, చిలకో. "క్షమించు స్వామీ," అంది పోయినవాడితో. సుత్తి ఎత్తి కొట్టింది.

మొదటి దెబ్బకి పేళ్ళు విరిగాయి. రెండో దెబ్బకి పెళ్ళ ఊడి కింద పడింది. సన్నటి వెలుగు, దాంతోపాటు చల్లగాలి పైకి తన్నుకొచ్చాయి. ఇద్దరూ కన్నం మీద మొహాలు పెట్టి దాహంతో ఉన్నవాళ్ళలా గాలి తాగారు. ఇన్‌స్పెక్టరు సుత్తి లాక్కుని దబదబా బాదాడు. కన్నం మనిషి దూరేంత పెద్దదైంది.

సూదమ్మ కిందికి చూసింది.

పరంజా అక్కడే ఉంది. పలకల మీద ఎర్ర తోక పిట్ట ముక్కలుగా పడుంది. దాని పక్కన తన చెప్పులు, పోలీసు బూట్లు, వరసగా పెట్టి ఉన్నాయి. వాటి పక్కన రెండు పాదాలు. ఈ మనుషులు ఎక్కడికి దిగొస్తారో ముందే లెక్కగట్టుకుని, చేతిలో ఇనప గడ్డపలుగుతో చిన్నింజనీరు నిలబడున్నాడు. తలెత్తాడు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆ ఏడుపు దొంగేడుపు కాదు, అదీ విచిత్రం.

"అయ్యో మేడం," అన్నాడు గొంతు ఎత్తకుండానే. "బొమ్మ పాడుచేసేశారే. గడియ పెట్టి నేను కింద ఇక్కడే నిలబడ్డాను, మామయ్య ఇటే దిగుతాడేమోనని. దిగలేదు. చచ్చినా ఈ పని చెయ్యలేదు ఆయన."

ఇన్‌స్పెక్టరు చేతిలో సుత్తి ఆగిపోయింది.

"విన్నావా మరిదీ?" అంది సూదమ్మ, కళ్ళు కిందనుంచి తిప్పకుండా.

"విన్నాను వదినా. ప్రతి అక్షరం విన్నాను."

వెనక పొగ చిక్కబడుతోంది. కింద గడ్డపలుగు మొన కన్నం వైపు మెల్లిగా లేస్తోంది. మేస్త్రీ నిర్దోషని చెప్పగలిగిన పోలీసు ఒకడు మొత్తానికి దొరికాడు. ఇక వాణ్ణి ప్రాణాలతో కిందికి దించాలి.

"నా వెనకే దూకు," అంది సూదమ్మ, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంటూ. "నా బరువు వాడి మీద పడ్డాక."